నారగాన్‌సెట్ పేసర్ మీద స్వారీ అంటే నమ్మకండి

అమెరికాలోని రోడ్ ఐలండ్ వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నాను. నారగాన్‌సెట్ పేసర్ అనే గుర్రపు జాతి ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. ఆఖరిది 1880 ప్రాంతంలో చచ్చిపోయింది. ‘అసలైన పేసర్ మీద స్వారీ’ అంటూ ఎవరైనా డబ్బులడిగితే అది పచ్చి మోసం. మా దగ్గర ఒక గుర్రాల శాలవాళ్ళు మనిషికి 95 డాలర్లు, హెల్మెట్‌కి 8, పైన టాక్స్, మొత్తం ఇద్దరికి 220 డాలర్ల 42 సెంట్లు లాగారు.

మా అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. అమెరికాలో మనుషులు పెంచి తయారుచేసిన మొదటి గుర్రపు జాతి ఇదేనని స్కూల్ ప్రాజెక్టు కోసం చదివి, ఆ ఊళ్ళు చూడాలని పట్టుబట్టింది. వరంగల్ నుంచి వచ్చిన మా అత్తమ్మని కూడా తీసుకుని బయల్దేరాం. న్యూపోర్ట్‌లో బంగళాలు, సముద్రం ఒడ్డున నడక, అన్నీ హాయిగా గడిచాయి. అసలు గొడవంతా అవతలి ఒడ్డున, ఆ గుర్రాల శాలలో.

బుక్ చేసేటప్పుడే మా అమ్మాయి “అవి లేవు కదా నాన్నా” అంది. మా ఆయన ఫోన్ చేసి అడిగితే, “తాతల కాలం నుంచి మేమే కాపాడుతున్నాం” అని అవతలివాళ్ళు బల్లగుద్ది చెప్పారు. తీరా వెళ్తే ఎత్తైన నల్ల గుర్రాలు రెండు కట్టి ఉన్నాయి. పేసర్ చిన్న గుర్రం. సుమారు 14 హ్యాండ్లు, అంటే నాలుగున్నర అడుగులకి కాస్త ఎక్కువ. రంగు ఎక్కువగా ఎర్ర గోధుమ. చూడ్డానికి అందగత్తె కాదని ఆ కాలంవాళ్ళే రాశారు. దాని గొప్పంతా నడకలోనే ఉంది. మామూలు గుర్రం ట్రాట్‌లో, అంటే దుముకుతూ పోయే నడకలో, కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు కలిపి వేస్తుంది. అందుకే ప్రతి అడుగుకీ మనిషి జీను మీద ఎగిరెగిరి పడతాడు. పేసర్ ఒక వైపు కాళ్ళు ముందు, రెండో వైపు కాళ్ళు తర్వాత కదిలించేది. దాంతో వీపు ఎగరదు, కుదుపు ఉండదు. రోడ్లు సరిగా లేని రోజుల్లో రోజంతా జీను మీదే ఉండేవాళ్ళకి అది ఎంత సుఖమో ఊహించండి.

మేమెక్కిన గుర్రాలు మొదటి నిమిషంలోనే నా నడుం విరగ్గొట్టాయి. మా ఆయన వీడియో తీస్తున్నారు. దిగాక మా అమ్మాయి ఆ వీడియోని నెమ్మదిగా నడిపి, ముందు ఒక వైపు కాలు, వెనక రెండో వైపు కాలు కలిసి పడుతున్నాయని, అంటే అది మామూలు ట్రాటేనని వాళ్ళకే చూపించింది. అక్కడి మేనేజర్ “చిన్నపిల్లకేం తెలుసు” అన్నాడు. అది విని అత్తమ్మకి కోపం నషాళానికి ఎక్కింది. “పిల్ల చెప్పేది కాళ్ళు చూసి, నువ్వు చెప్పేది ఏం చూసి?” అని తెలుగులోనే అడిగేసింది. డబ్బులు వాపసు ఇవ్వలేదు. మళ్ళీ వస్తే 20 డాలర్లు తగ్గిస్తామని కూపన్ చేతిలో పెట్టబోయారు. మా అమ్మాయి తీసుకోలేదు. కారులో గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి దిగిన లాడ్జి గురించి ఒక్క ముక్క. వెబ్‌సైట్‌లో 189 డాలర్లు, బిల్లులో 241. పార్కింగ్ కూడా విడిగా కట్టించుకున్నారు. గదిలో తడి వాసన. పొద్దున్న పక్క చిన్న హోటల్లో తిన్న జానీకేక్ మాత్రం అందరి మూడ్ మార్చేసింది. తెల్ల మొక్కజొన్న పిండితో పెనం మీద కాల్చే రొట్టె అది, అంచులు మన దిబ్బరొట్టెలా కరకరలాడతాయి. ప్లేటు 7 డాలర్లు. మాంసం లేని తిండి దొరికిందని అత్తమ్మ రెండోది కూడా తెప్పించుకుంది.

తర్వాత విక్‌ఫర్డ్ వెళ్ళాం. ట్రిప్ మొత్తంలో డబ్బుకి న్యాయం జరిగింది అక్కడే. 1707లో కట్టి, 1800లో ఈ ఊరికి తరలించిన ఓల్డ్ నారగాన్‌సెట్ చర్చి చూడండి. ఈ చర్చికి పాదిరిగా చేసిన జేమ్స్ మక్‌స్పారన్ ఈ గుర్రాల గురించి రాసిన మాటలు 1753లో అచ్చయ్యాయి. మైలు దూరాన్ని రెండు నిమిషాలకి కాస్త ఎక్కువలో, మూడు నిమిషాలకి బాగా తక్కువలో దాటిన గుర్రాలని కళ్ళారా చూశాడట. రాళ్ళ దారుల్లో రోజుకి యాభై, అరవై మైళ్ళు స్వారీ చేసిన మనిషి ఆయన. జార్జ్ వాషింగ్టన్ దగ్గర కూడా ఈ జాతి గుర్రం ఉండేది.

దగ్గర్లోనే 1678 నాటి స్మిత్స్ క్యాజిల్ ఉంది. ఒకప్పుడు ఇది పెద్ద ప్లాంటేషన్. ఈ చుట్టుపక్కల ఆసాములు గుర్రాలు పెంచి సంపాదించిన డబ్బు వెనక బానిసల చాకిరీ ఉంది. మాకు చూపించినామె ఆ సంగతి దాచకుండా చెప్పింది. జాతి ఎలా అంతరించిందని మా అమ్మాయి అడిగితే ఓపిగ్గా వివరించింది. వెస్టిండీస్ చెరుకు తోటల వాళ్ళు మంచి ధర ఇస్తుంటే మేలైన గుర్రాలని ఓడలెక్కించి అమ్మేశారు. మిగిలినవాటిని వేరే జాతులతో కలిపారు. రోడ్లు బాగుపడి బళ్ళు వచ్చాక జనానికి బండి లాగే ట్రాటర్లు కావాల్సొచ్చాయి, జీను కింద సుఖంగా నడిచే గుర్రంతో పని లేకుండా పోయింది. దాని రక్తం అమెరికన్ శాడిల్‌బ్రెడ్, టెనెసీ వాకింగ్ హార్స్ లాంటి జాతుల్లో కలిసిపోయింది. ఆ నడక రుచి చూడాలంటే టెనెసీ వాకర్ ఉందని నిజాయితీగా చెప్పే శాల వెతుక్కోండి, అది న్యాయమైన బేరం.

మా ఆయన క్రెడిట్ కార్డు వాళ్ళకి ఫిర్యాదు పెట్టారు. దాంతోపాటు వెబ్‌సైట్‌లో ‘అసలైన పేసర్’ అని ఉన్న పేజీ ఫోటో, కాళ్ళ వీడియో పంపాం. వీడియో కింద వివరణ మా అమ్మాయే రాసింది.