శత్రువును తనవైపు తిప్పుకునే యోధుడు: ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’

2014లో విడుదలైన ఈ వీడియో గేమ్‌ను హనుమకొండలోని మా ఇంట్లో తమ్ముడితో కలిసి రెండోసారి ఆడుతున్నప్పుడు, శత్రువులను రెచ్చగొట్టి తనమీదికి రప్పించుకునే యోధుడి విలువ నాకు నిజంగా అర్థమైంది.

నలుగురి జట్టులో ముందు నిలిచే యోధుడు ‘వార్ క్రై’ అంటూ గర్జించగానే చుట్టూ ఉన్న శత్రువులు వెనుకనున్న మాంత్రికులను వదిలేసి అతనివైపు తిరుగుతారు. పైగా ‘గార్డ్’ అనే రక్షణ అతని ప్రాణశక్తిపై పొరలా చేరుతుంది. మన ఓరుగల్లు కోటలో రాతికోటకు వెలుపల మట్టికోట ఉన్నట్టే, ముందు ఈ పొర చెదరాలి, ఆ తర్వాతే ప్రాణానికి దెబ్బ. మాంత్రికులు వేసే ‘బ్యారియర్’ కాలం గడిచేకొద్దీ కరిగిపోతుంది, గార్డ్ మాత్రం దెబ్బలు తగిలేదాకా నిలుస్తుంది. ఆరంభంలో జట్టు మొత్తానికి 8 ఔషధ సీసాలే ఉంటాయి కాబట్టి ఈ తేడా ప్రాణాలు నిలుపుతుంది.

ఆటలోని హింటర్‌లాండ్స్ అనే ప్రాంతంలో ఒకసారి ఇద్దరు కత్తివీరులు మా మాంత్రికుడి మీదికి దూసుకొచ్చారు. ఆటను ఆపి, మా జట్టులోని యోధురాలు కసాండ్రాను మధ్యలోకి నడిపించి గర్జింపజేశాను. ఇద్దరూ ఒక్కసారిగా ఆమెవైపు తిరిగారు. “అన్నా, ఇప్పుడు నిప్పెయ్యి!” అని తమ్ముడు అరిచాడు.

మనం నడపని సహచరులను ఆటే నడుపుతుంది. వాళ్లకు ఒక నైపుణ్యాన్ని వాడమనో, వద్దనో, ముందుగా వాడమనో మాత్రమే చెప్పగలం. ఏ క్షణంలో వాడాలో నిర్దేశించలేం. అది నాకు నిజమైన లోటుగా తోచింది. అందుకే కఠినమైన పోరులో యోధుడిని నేనే నడుపుతాను, దూరంగా మిగిలిన ఒక్క శత్రువు కోసం, ఒక్కరినే రెచ్చగొట్టే ‘ఛాలెంజ్’ నైపుణ్యాన్ని అట్టిపెట్టుకుంటాను.