సరస్సు వైపు గది అని చెప్పి గుర్రపుడెక్క చూపించారు

కెన్యాలోని కిసుములో మేము దిగిన లాడ్జి పేరు రాయను గాని, విక్టోరియా సరస్సు చూడటానికి వెళ్లేవాళ్లు "సరస్సు వైపు గది" అనే మాటకు అదనంగా డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగాలని ఇది రాస్తున్నాను. ఆ లాడ్జిలో రోడ్డు వైపు గది రాత్రికి 6,500 కెన్యా షిల్లింగులు, సరస్సు వైపు గది 9,500. మాకూ మా బావగారికీ కలిపి రెండు గదులు, మూడు రాత్రులు. అంటే కిటికీలోంచి నీళ్లు చూసే భాగ్యానికే 18,000 షిల్లింగులు, మన డబ్బుల్లో దాదాపు 11,700 రూపాయలు, ముందుగానే కట్టేశాం. చీకటి పడ్డాక చేరడం వల్ల ఆ రాత్రి ఏమీ తెలియలేదు. పొద్దున్నే పరదా పక్కకు జరిపిన మా ఆవిడ, "ఏమండీ, ఇక్కడ సరస్సు లేదు, చేను ఉంది" అంది.

చేను కాదు, నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క. కనుచూపు మేర పచ్చటి ఆకులు, మధ్యమధ్య ఊదారంగు పూలు, వాటి మీద నింపాదిగా నడుస్తున్న కొంగలు. కొల్లేటి ఒడ్డున పుట్టి, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరైన మా బావగారు (మా ఆవిడకు అన్నగారు) కాసేపు మాట్లాడకుండా చూసి, "దీనికోసం విమానం ఎక్కాలా బావా, కైకలూరులో బస్సు దిగితే సరిపోయేది" అన్నారు. మేనేజరు దగ్గరికి వెళ్లి అడిగితే, సరస్సు దాని కిందే ఉందనీ, గాలి మారితే అదే పోతుందనీ, గది మార్చుకుంటే మార్చుకోవచ్చు గాని డబ్బు వెనక్కి రాదనీ నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ మంట పుట్టించింది. ఒక గంట పడవ షికారుకు 3,000 షిల్లింగులకు మాట్లాడుకుంటే, ఇంజను పంకాకు గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుపోయి పడవ ఇరవై నిమిషాలకే ఆగింది. పడవవాడు మాత్రం న్యాయంగా సగం డబ్బు తిరిగి ఇచ్చాడు.

అయితే ఆ పచ్చదనం అక్కడే ఎందుకు పేరుకుందో ముందురోజు ప్రయాణమే మాకు చూపించిందని బావగారు అన్నాకే నాకు తట్టింది. ఏప్రిల్‌లో, అంటే అక్కడి పెద్ద వానల కాలం మధ్యలో, కొండల మీది కెరిచో నుంచి కిసుముకు కారులో దిగాం. పైన రెండు వేల మీటర్ల ఎత్తున, దువ్వినట్టున్న తేయాకు తోటలు. మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు, వడగళ్లు. పగలు నేల వేడెక్కినప్పుడు సరస్సు మీది తేమగాలి కొండలెక్కుతుంది కాబట్టి అక్కడ వాన మధ్యాహ్నపు సంగతి. కొండ దిగితే చెరకు తోటలు, ఇంకా దిగితే అహెరో దగ్గర కానో మైదానంలో వరి. మోకాలి లోతు బురదలో ఊడ్పులు చూసి మా ఆవిడ కారు ఆపించి పది నిమిషాలు నిలబడింది; ఆ రోజంతటిలో ఆమె సంతోషంగా ఉన్నది అక్కడే. ఆ పొలాలకు నీళ్లిచ్చే న్యాండో నది మాత్రం ఎర్రమట్టి కలిపినట్టుంది. ఏటా ఆ మైదానాన్ని ముంచేదీ అదే. కొండల మీద నరికిన అడవుల మట్టి, చేల ఎరువు, ఊళ్ల మురుగు అన్నీ మోసుకొచ్చి ఆ నది కలిసేది ఈ సరస్సులోని వినాం అఖాతంలో. సరస్సు మొత్తం దాదాపు 68,800 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు 40 మీటర్లు. కెన్యా వాటాకు వచ్చింది అందులో ఆరు శాతమే. ఆ వాటాలోనూ కిసుము ఉన్నది, ఒక సన్నని మార్గం గుండా మాత్రమే పెద్ద సరస్సుతో కలిసే ఈ లోతు తక్కువ అఖాతం చివరి మూలన. 1980ల చివర్లో ఈ సరస్సుకు చేరిన గుర్రపుడెక్కకు ఇంతకంటే మంచి మడి దొరకదు. గాలి ఎటు తోస్తే అటు పోయే మాట నిజమే: మూడో రోజు పొద్దున తాటాకు చాప వెడల్పున నీళ్లు కనబడ్డాయి. 18,000 షిల్లింగులకు అవే నీళ్లు.

కిసుములో మా డబ్బుకు న్యాయం జరిగింది ఒక్క చోటే. ఒడ్డున రేకుల షెడ్డులో, 700 షిల్లింగులకు నూనెలో కరకరలాడేలా వేయించి టమాటా పులుసులో ముంచిన నిండు తిలాపియా చేప, పక్కన మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి, తరిగి వేయించిన సుకుమా వికి ఆకుకూర. ఉగాలిని చేత్తో ముద్ద చేసి బొటనవేలితో గుంట నొక్కి పులుసు ఎత్తుకోవాలని వడ్డించిన పెద్దావిడ చూపించింది. మాకు సంకటి అలవాటే కాబట్టి పాఠం అక్కర్లేకపోయింది. బయట వలల మీద ఆరబెట్టిన ఒమెనా అనే వేలెడంత చేపలు అచ్చం మన ఎండు మెత్తళ్లే. వాటిని చీకటి రాత్రుల్లో దీపాలు పెట్టి పడతారట. లాడ్జి టిఫిను మానేసి మూడు పూటలు అక్కడే తిన్నాం.

కిసుము నుంచి ఉగాండా సరిహద్దులోని బుసియాకు వ్యానులో మనిషికి 500 షిల్లింగులు. దారిలో మసెనో దగ్గర భూమధ్యరేఖ దాటుతాం. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ చెల్లే 100 డాలర్ల తూర్పు ఆఫ్రికా వీసా తీసుకుంటే సరిహద్దులో మళ్లీ కట్టనక్కర్లేదు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు మాత్రం చేతిలోనే ఉంచుకోండి; టీకా వేసుకున్న పది రోజులకు గాని అది చెల్లదు.

ఉగాండాలోని జింజా ప్రశాంతంగా గడిచింది. అరటి, కాఫీ తోటల మధ్య 1,50,000 ఉగాండా షిల్లింగుల గది (దాదాపు 3,400 రూపాయలు), శుభ్రమైన పక్కలు. నైలు నది ఈ సరస్సులోంచి బయల్దేరే చోటికి పడవకు లక్ష షిల్లింగులు అడిగారు, ఇచ్చాం. 1862లో ఆంగ్ల అన్వేషకుడు స్పీక్ చూసిన రిపన్ జలపాతం 1954లో పూర్తయిన ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది కాబట్టి చూడటానికి మిగిలింది ప్రవాహమే. ఒడ్డున గాంధీగారి విగ్రహం ఉంది. 1948లో ఆయన అస్థికలు కొన్ని ఇక్కడ కలిపారు. బావగారికి మాత్రం విగ్రహం కన్నా ఆనకట్ట మీదే ధ్యాస. ఈ సరస్సుకు వచ్చే నీటిలో దాదాపు ఎనభై శాతం నదుల నుంచి కాక నేరుగా దాని మీదే కురిసే వాన అని తెలిసి, "అయితే ఆకాశమే దీని పరీవాహకం" అని రెండు రోజులు అదే మాట అన్నారు.

చివరి మజిలీ ఉగాండాలోనే, ఇదే సరస్సు ఒడ్డున ఉన్న ఎంటెబె. కౌంటరులో అమ్మాయి సరస్సు వైపు గదులు ఖాళీగా ఉన్నాయని చెప్పేలోపే మా ఆవిడ, "రోడ్డు వైపే ఇవ్వమ్మా" అని తెలుగులోనే అనేసింది. రాత్రి చుట్టూ నేల మీది చల్లగాలి సరస్సు మీదికి చేరి ఉరుముల వాన పుట్టిస్తుందనీ, తెల్లవారుజామున అది ఈ ఒడ్డును తాకుతుందనీ మాకు అప్పటికి తెలియదు. నాలుగున్నరకు పిడుగుల చప్పుడుకు లేచి వరండాలోకి వస్తే, సరస్సు వైపు గదులవాళ్లు కిటికీ సందుల్లోంచి కొడుతున్న జల్లుకు మంచాలు గోడవైపు ఈడ్చుకుంటున్నారు. మా ఆవిడ వాళ్లకు మా గదిలోని రెండు పొడి తువ్వాళ్లు ఇచ్చి వచ్చి మళ్లీ పడుకుంది.