లండన్‌లో రూమ్ 95, నాన్నతో మూడు రోజులు

పోయిన నెల నాన్నని తీసుకుని లండన్ వెళ్లా. నాన్నకి ఎనభై దాటాయి, చిన్నప్పుడు ఉర్దూ చదువుకున్న మనిషి, రాతబల్ల మీద పెట్టుకునే వస్తువులంటే ప్రాణం. అందుకే బ్రిటిష్ మ్యూజియంలో రూమ్ 95 చూడాలని ముందే అనుకున్నాం, అక్కడ ఉండేది సర్ పెర్సివల్ డేవిడ్ సేకరించిన చైనా పింగాణీ, దాదాపు 1700 వస్తువులు. ఈయన పుట్టింది మన బొంబాయిలోనే, 1892లో.

అందరూ ఆ రూములో 1351 నాటి జంట కూజాల దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతుంటారు. అవీ గొప్పవే, కాదనను. కానీ నీలం తెలుపు పింగాణీలో బల్ల మీద పెట్టుకునే చిన్న చిన్న వస్తువులు చూడకుండా వస్తే మాత్రం సగం చూసినట్టే. చైనా పండితులు కుంచెతో రాసేవాళ్లు కదా, సిరాతో తడిసిన కుంచె అలాగే పడుకోబెడితే కాగితం పాడైపోతుంది, అందుకని కొండల ఆకారంలో ఒక స్టాండ్ చేసి శిఖరాల మధ్య పల్లంలో కుంచెని ఆనించేవాళ్లు. సిరా నూరుకునే రాయి మీద నీళ్లు చుక్కచుక్కగా వేసుకోవడానికి చిట్టి పాత్ర వేరే, దానికి రెండు కన్నాలు, ఒకటి వేలితో మూస్తే చుక్క ఆగిపోతుంది, తీస్తే పడుతుంది.

ఆ కుంచె స్టాండ్లలో జెంగ్‌డె చక్రవర్తి కాలం నాటిది (1506–1521) ఒకటుంది, ఐదు శిఖరాలు, చుట్టూ నీలం తీగలు, వాటి మధ్యలో అరబిక్ లిపి! నాన్న అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి చాలాసేపు చూశారు. ముందు "దాన్" అన్న మాట దొరికింది ఆయనకి, అంటే ఏదైనా పెట్టుకునేది, తర్వాత మొత్తం చదివి "ఖామాదాన్... ఖామా అంటే కలమే బిడ్డా, మన తమలపాకుల పెట్టె పాన్‌దాన్ లేదూ, అట్లనే ఇది కలందాన్" అన్నారు. ఎక్కడి చైనా బట్టీ, ఎక్కడి పర్షియన్ మాట, ఎక్కడి మా పాతబస్తీ పాన్‌దాన్, నాకు ఒళ్లు జలదరించింది. ఆ చక్రవర్తి కొలువులో ముస్లిం అధికారులు ఉండేవాళ్లని, ఇలాంటివి వాళ్ల కోసం చేయించి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం.

టికెట్ లేదు, ఫ్రీ. పెద్ద గేటు దగ్గర క్యూ ఉంటే వెనక మాంటెగ్యూ ప్లేస్ వైపు నుంచి వెళ్లండి, ఈ రూముకి అదే దగ్గర, లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లుంటే వీల్‌చైర్ అడగండి. మర్నాడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వెళ్లాం, పై అంతస్తులో పింగాణీ అల్మారాల నిండా కిక్కిరిసి ఉంది, చూడ్డానికి అద్భుతం కానీ ఏది ఏంటో తెలీదు, నాన్న గంటకే అలిసిపోయారు. ఒక్కటే చూసే టైముంటే నా ఓటు రూమ్ 95కే.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. మ్యూజియం పక్కనే కదా అని బ్లూమ్స్‌బరీలో చిన్న హోటల్ తీసుకున్నా, బుకింగ్‌లో లిఫ్ట్ ఉందని రాశారు, తీరా వెళ్తే లేదు, మూడో అంతస్తు, నాన్న మెట్లెక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. రెండో రాత్రి తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌కి మారిపోయాం, మనవాళ్ల హోటళ్లు బోలెడు, పప్పన్నం దొరికింది, అక్కణ్ణుంచి మ్యూజియం వైపు యూస్టన్ స్క్వేర్‌ స్టేషన్‌కి ట్రైన్ మారక్కర్లేదు కూడా. కాస్త దూరమే అయినా పెద్దవాళ్లతో వెళ్తే అక్కడే నయం.

మూడో రోజు షాపింగ్ అనుకున్నాం, నాన్న వద్దన్నారు. మళ్లీ రూమ్ 95కే వెళ్లి స్టాండ్ ముందు నిలబడి జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, ఆ లిపిని ఉన్నదున్నట్టు దింపుకున్నారు.