తిరుపతి చుట్టుపక్కల నడక: దారులు, బసలు, దారికడ్డంగా ఆవులు

కొండెక్కి, దర్శనం చేసుకుని, లడ్డూలు సంచిలో వేసుకుని రైలెక్కేసేవాళ్లకు ఈ రాత పెద్దగా పనికిరాదు. ఒకటి రెండు రోజులు అదనంగా ఉండి, పొద్దున్నే చంద్రగిరి వైపో తొండవాడ వైపో పల్లె దారుల్లో నడవాలనుకునేవాళ్ల కోసం ఇది. ఒక పక్క శేషాచలం ఎర్ర చరియలు, ఇంకో పక్క మామిడి తోటలు, మధ్యలో మట్టిదారి. ఆ దారి మీదికి మనకంటే ముందే పశువులు వచ్చేసి ఉంటాయి.

2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకున్నాక భక్తుల చేతికి కర్రలిచ్చారు. అప్పటినుంచి మా ఇంటికొచ్చే చుట్టాలంతా ముందు అడిగేది చిరుత సంగతే. కొండదారి మాటేమో గానీ, కింద పల్లెల్లో నన్నడిగితే చూసుకోవాల్సింది ఈనిన ఆవును.

చంద్రగిరితో మొదలుపెట్టండి. తిరుపతి నుంచి బస్సుకైనా ఆటోకైనా కరువు లేదు. కోటలోని రాజమహల్, లోపలి మ్యూజియం చూడాలంటే శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు మూత. నాకు మాత్రం కోట కంటే కోట చుట్టూ ఉన్న దారులే ఇష్టం. పాత రాతిగోడలు, కుంటలు, పొలం గట్లు, వాటి మీద మేసే మందలు. ఆ మందల్లో ఒకదాని మెడకు మోకాళ్ల దాకా వేలాడే దుంగ కనిపిస్తే ఒక నిమిషం ఆగి చూడండి. అది గుదికర్ర. కంచె దూకి చేలో పడే దొంగ ఆవుకో, మనిషి కనపడితే మీదికొచ్చేదానికో కడతారు. పరిగెత్తబోతే కర్ర ముందుకాళ్లకు తగిలి వేగం తగ్గుతుంది. తగ్గుతుందే గానీ ఆగదు. కొత్తగా వచ్చినవాడికి ఊరు పెట్టిన హెచ్చరిక బోర్డు అనుకోండి దాన్ని, దూరంగా తప్పుకోండి. అలాగే ముకుతాడు వేసిన ఎద్దు మనిషి చేతికి అలవాటైనది. ముకుతాడు లేని కోడెను నమ్మలేం.

పశువు మనసు తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. తలెత్తి, చెవులు మనవైపు తిప్పి చూస్తోందంటే ఎవరా అని చూస్తోందంతే. తల దించి, బుస్సుమని ఊదుతూ, ముందుకాలితో మట్టి ఎగజిమ్ముతుంటే కాలు దువ్వుతోందన్నమాట. అక్కణ్ణుంచి ఇంకో అడుగు ముందుకు వేయకూడదు. అన్నిటికంటే మోసం చేసేది ఆంబోతు. అడ్డంగా తిరిగి, వీపు కాస్త విల్లులా వంచి, కదలకుండా నిలబడుతుంది. పాపం, ఎంత శాంతంగా ఉందో అనుకుంటాం. అది తన ఒళ్లు చూపించి బెదిరిస్తోంది.

అప్పుడు పరుగు లంకించుకుంటే అది కూడా పరిగెత్తుతుంది, గెలిచేది అదే. వీపు చూపించకుండా, నెమ్మదిగా, ఏటవాలుగా వెనక్కి జరగాలి. మధ్యలో ఒక చెట్టో, గోడో, బండో వచ్చేలా చూసుకోవాలి. ఎర్ర చొక్కా వేసుకుంటే పొడుస్తుందనే మాటలో నిజం లేదు. పశువులకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు, వాటిని రెచ్చగొట్టేది కదలిక. ముఖం మీద ఠప్పున విప్పిన గొడుగు ఎర్ర చొక్కా కంటే ప్రమాదం. మంద దారి నిండా ఉంటే అంచున దూరంగా, మాట్లాడుతూనో దగ్గుతూనో వెళ్లండి. వాటికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక తప్ప. అక్కడ నిశ్శబ్దంగా చేరినవాడికే తన్ను తగిలేది. గుర్రంలా తిన్నగా వెనక్కే తన్నదు ఆవు. కాలు ముందుకు తీసి, పక్కకు చుట్టి కొడుతుంది. కాబట్టి పక్కన ఉన్నాం కదా అని ధీమా వద్దు.

తొండవాడ ఇంకో రకం. స్వర్ణముఖి ఒడ్డున అగస్తీశ్వరస్వామి గుడి, ఏటి ఇసుక, పొద్దున్నే నీళ్లకు దిగే ఎనుములు, అంటే గేదెలు. ముక్కోటి రోజున తప్ప జనం పెద్దగా ఉండరు. గుడి దాటాక ఒక సందులో రెండు ఎనుములు అడ్డంగా నిలబడి ఉంటే వాటి కొమ్ముల వంకే చూస్తూ ఆగిపోయాను. పాల క్యాను చంకనేసుకుని వస్తున్న ఒకామె నవ్వింది. "దాన్ని చూడబాక నాయనా, దాని దూడ యాడుందో చూసుకో ముందు" అంది. చూస్తే దూడ నా వెనకే, గోడవార పడుకుని ఉంది. తల్లికీ దూడకీ మధ్య నేను. ఆమే "హై, హై" అంటూ తల్లిని ఒక పక్కకు తోలి నన్ను పంపించింది. ఈ వైపు నడిచేవాళ్లకు ఇంతకు మించిన సలహా ఎవరూ ఇవ్వలేరు. తెల్లారుజామున, మళ్లీ సాయంత్రం పాలు పిండే వేళల్లో దూడలను తల్లుల దగ్గరికి విప్పడం, మళ్లీ విడదీయడం జరుగుతుంటుంది. ఆ సమయంలో కొట్టాల మధ్య సందుల్లోకి వెళ్లకుండా, కాస్త ఎండ పొడిచాక బయల్దేరితే సగం గొడవ ఉండదు.

ఒక మాట చెబితే కోపం తెచ్చుకోవద్దు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పల్లె పశువులు కావు, తిరుపతి ఊళ్లోవే. భక్తులు పుణ్యమని అరటిపండ్లు పెట్టీ పెట్టీ వాటికి సంచి అంటే పండు అని నేర్పేశారు. చేతిలో కవరు కనిపిస్తే చాలు, అచ్చోసిన ఆంబోతులు నేరుగా నడిచొచ్చి మూతితో గుంజుతాయి. లాక్కుంటే తల విసురుతాయి, కొమ్ము తగిలేది అప్పుడే. పండు పోతే పోయింది, కవరు వదిలేయండి. గోపూజ చేయాలనుకుంటే అలిపిరి దగ్గర సప్త గోప్రదక్షిణ మందిరం ఉంది, చంద్రగిరి రోడ్డులో టీటీడీ గోశాల ఉంది. రోడ్డు మీద పెట్టకండి.

గుడిమల్లం గురించి రెండు ముక్కలు. ఏర్పేడు మండలంలోని ఈ పరశురామేశ్వరాలయంలో లింగం క్రీస్తుపూర్వం నాటిదని చరిత్రకారులు చెబుతారు. నడకకు చదునైన దారి, వరిమళ్లు, ఎనుములు. బస దొరకదు, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయడమే. వరి గట్ల మీద ఎదురుగా ఎనుము వస్తే గట్టు దానికి వదిలేసి మడిలోకి దిగండి. బురద కడుక్కోవచ్చు.

ఇక బసలు. తిరుపతిలో బస్టాండు, రైల్వేస్టేషన్ చుట్టూ లాడ్జీలు కోకొల్లలు, నడకకు మాత్రం రోజూ ఆటో ఎక్కాల్సిందే. పల్లెలోనే ఉందామని ఒకసారి చంద్రగిరి అవతల మామిడి తోటలో ఒక ఫామ్‌హౌస్ తీసుకున్నాం. గది శుభ్రం, సంగటి, నాటుకోడి పులుసు అద్భుతం. కానీ పొద్దున్నే నడకకు బయల్దేరితే తోట కుక్క మా వెంట పడింది. దాన్ని కట్టేయమంటే "అదేం చేయదు సార్" అన్నారు. నిజమే, అది మమ్మల్నేం చేయలేదు. ఎదురుగా వస్తున్న మందలోకి దూరి మొరిగింది. దూడ ఉన్న ఆవు ఒకటి దాన్ని తరిమితే, తిన్నగా వచ్చి మా ఆవిడ కాళ్ల వెనక దాక్కుంది. కాపరి కర్ర అడ్డం పెట్టాడు కాబట్టి సరిపోయింది. పశువుల మధ్య నడిచేటప్పుడు కుక్క కాపలా కాదు, కొరివి. ఇంగ్లండ్‌లో పచ్చిక బయళ్ల మీద కుక్కతో నడిచేవాళ్లకు కూడా ఆవు తరిమితే గొలుసు వదిలేయమనే చెబుతారు. కుక్క ఎలాగూ తప్పించుకుంటుంది, మనిషే తప్పించుకోలేడు. ఇప్పుడు ఎక్కడ గది అడిగినా ఏసీ ఉందా అనే ముందు కుక్కను కడతారా, మంద ఏ వేళకు ఏ దారిన పోతుంది అని అడుగుతాను. రెండోదానికి జవాబు చెప్పగలిగిన చోట బస బాగుంటుంది, ఇది నా లెక్క.

తలకోనలో టూరిజంవాళ్ల హరిత అతిథిగృహంలో ఉండొచ్చు. భాకరాపేట ఘాటు దాటి, నెరబైలు మీదుగా వెళ్లాలి. జలపాతం ఎత్తు 270 అడుగులంటారు, వానలు పడ్డాకే దాని అందం. అక్కడ ఆవుల కంటే కోతులతోనే పేచీ. నెరబైలు వైపు దారిలో మందలు ఎదురవుతాయి, కాపరులు వెంటే ఉంటారు కాబట్టి భయం లేదు. "అన్నా, పోవచ్చా?" అని కేకేస్తే చాలు, వాళ్లే అడ్డం తీస్తారు. అటవీ అంచు పొలాల్లోకి మాత్రం దిగకండి, అడవిపందులకని దొంగచాటుగా కరెంటు తీగలు లాగేవాళ్లున్నారు.

సంక్రాంతి రోజుల్లో చంద్రగిరి మండలం రంగంపేటలో పశువుల పండగ చూడాలని చాలామంది వస్తారు. కొమ్ములకు చెక్క పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్లు ఎగబడి లాక్కుంటారు. చూడదగ్గదే, మిద్దె మీద నుంచి. సందులో నిలబడి ఫోన్‌లో వీడియో తీసేవాడికి రెండో వైపు నుంచి వచ్చేది కనపడదు. ఆ నాలుగు రోజులూ డప్పులకూ టపాసులకూ బెదిరిపోయిన పశువులు పక్క ఊళ్ల దారుల్లోనూ ఉంటాయి, నడక మానేయండి.

చిన్నపిల్లలున్నవాళ్లు పలమనేరు వైపు వెళ్లి పుంగనూరు ఆవులను చూపించండి. పెద్దవాళ్ల నడుము ఎత్తు కూడా రావు, పిల్లలకు వాటితో భయం పోతుంది. పొట్టివైనా కొమ్ములు కొమ్ములే, దూడ ఉంటే అదే జాగ్రత్త. ఆ వైపు కౌండిన్య అడవి ఏనుగులు పొలాల మీద పడుతుంటాయి, కాబట్టి మసక చీకట్లో నడక పనికిరాదు.

దెబ్బ తగిలితే 108. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. కొమ్ముపోటు పైకి చిన్నదిగా కనిపించినా లోపల లోతుగా ఉండొచ్చు, పసుపు అద్ది ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. రోడ్డు మీద బండి గుద్దిన పశువు కనిపిస్తే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. అది వచ్చేదాకా దగ్గరికి వెళ్లి లేపాలని చూడకండి, నొప్పితో ఉన్న ఆవు ఎంత సాధువైనా కాలు విసురుతుంది.