ప్రత్యక్ష సాక్షి లేని హత్య కేసుకు ఇండియన్ కానూన్ ఎంతవరకు పనికొస్తుంది?

అమలాపురం, నరసాపురం, భీమవరం కోర్టుల్లో క్రిమినల్ పని నేర్చుకునే జూనియర్లకు ఈ వెబ్‌సైటు తప్పకుండా అలవాటు కావాలి. 2008 నుంచి నడుస్తోంది, తీర్పులు ఉచితంగా చదువుకోవచ్చు. సుప్రీంకోర్టు, హైకోర్టులవే కాదు, ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) తీర్పులూ ఉన్నాయి. మన వైపు వాళ్లకు అసలు లాభం అక్కడే.

పాకాల నారాయణస్వామి కేసు (1939) మన పక్కనున్న పిఠాపురంతో ముడిపడ్డదే. హతుడికి బరంపురం రమ్మని 1937 మార్చి 20న ఉత్తరం అందింది. అతను 21న బయల్దేరాడు. 23న పూరీలో, రైలు పెట్టెలో వదిలేసిన ట్రంకులో శవం ఏడు ముక్కలుగా దొరికింది. బాకీ ఇస్తామంటే వెళ్తున్నానని అతను భార్యతో అన్న మాట సాక్ష్యంగా చెల్లుతుందని తేల్చింది ఈ తీర్పే. హెడ్‌నోటుతో (తీర్పు మొదట్లో ఇచ్చే సారాంశం) సరిపెట్టుకోకండి. ఒక్కో సంగతిని ఎవరి నోట రుజువు చేశారో పూర్తి తీర్పులోనే కనిపిస్తుంది.

వెతికే ముందు ఒక కాగితం మీద ప్రాసిక్యూషన్ చెప్పే సంగతులు వరసగా రాయండి: తగాదా, చివరిసారి కలిసి కనబడటం, కత్తి రికవరీ, రక్తపు మరకలు. ప్రతిదాని పక్కన సాక్షి నంబరు, ఎగ్జిబిట్ నంబరు, క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నల్లో) ఒప్పుకున్న మాట వేయండి. ఆ తర్వాత ఒక్కో సంగతికి విడివిడిగా వెతకండి. ‘సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్’ (పరిస్థితుల సాక్ష్యం) అని మాత్రమే కొడితే కుప్పలుగా వచ్చిపడతాయి, సగం అలాంటి సాక్ష్యానికి శరద్ బిర్ధీచంద్ శారదా కేసు (1984) పెట్టిన ఐదు సూత్రాలను ఎత్తిరాసినవే. పదబంధాన్ని కోట్స్‌లో పెట్టి, రెండో మాటను ఏఎన్‌డీడీ (ANDD)తో కలపాలి. చివర రెండు డీలు ఉండాలి, అన్నీ పెద్దక్షరాలే.

‘లాస్ట్ సీన్’కు సతీష్ కేసు (2005) తీయండి. కలిసి కనబడ్డ సమయానికీ చావుకూ మధ్య మూడో మనిషి జొరబడే వ్యవధి ఉండకూడదు. డెల్టాలో చిక్కంతా ఇక్కడే. కాలవలో పడ్డ శవం లాకుల దాకా కొట్టుకుపోతుంది, దొరికిన చోటు నేరం జరిగిన చోటు కాకపోవచ్చు. నీళ్లలో నానిన శవానికి డాక్టరు చెప్పే చావు సమయం కూడా గంటల తరబడి సాగుతుంది. అందుకే ఇంగ్లిష్‌లో ‘కెనాల్’, ‘డీకంపోజ్డ్’ చేర్చి వెతకండి.

రికవరీకి పల్నాడు వైపు కేసు, పులుకూరి కొట్టయ్య (1947). ‘ఫలానా చోట దాచాను’ చెల్లుతుంది, ‘దాంతో పొడిచాను’ చెల్లదు. కొట్టయ్యను ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాశారు కాబట్టి పులుకూరితో వెతకడం మేలు. రికవరీకి మధ్యవర్తిగా (సాక్షిగా) వచ్చిన వీఆర్వో క్రాస్‌లో తడబడితే ముందు చూసుకోవాల్సింది ఇదే.

సాక్షి నమ్మకానికి వడివేలు తేవర్ (1957) చాలు: పూర్తిగా నమ్మదగినవాడు, అసలు నమ్మరానివాడు, మధ్యరకం. ఈ మధ్యరకానికే వేరే ఆధారం తోడు కావాలి. సాక్షి హోస్టైల్ అయినంత (ఎదురుతిరిగినంత) మాత్రాన సాక్ష్యమంతా కొట్టుకుపోదు.

2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, సెక్షన్లు మారాయి: రికవరీకి వాడే 27 ఇప్పుడు 23 ప్రొవైజో, చనిపోయినవారి మాటకు వాడే 32(1) ఇప్పుడు 26(ఎ), ఒకరికి ప్రత్యేకంగా తెలిసిన సంగతిని వాళ్లే రుజువు చేయాలనే 106 ఇప్పుడు 109. పాత తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి, రెండూ వేసి వెతకాలి.

లోటు లేకపోలేదు. ఒక తీర్పును తర్వాత కొట్టేశారో లేదో ‘సైటెడ్ బై’ (దాన్ని ఉదహరించిన తీర్పుల జాబితా) తెరిచి మీరే చూసుకోవాలి. మన సెషన్స్ కోర్టు తీర్పులకు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతో (ఒక్కో కేసుకు ఇచ్చే గుర్తింపు నంబరు) వెళ్లాలి. పాత తీర్పుల్లో అచ్చుతప్పులుంటాయి, కోర్టులో దాఖలు చేసే కాపీని అచ్చు రిపోర్టుతో సరిచూసుకోండి.