నడుముకు రివాల్వర్, చేతిలో నగదు సంచి: పన్నెండేళ్ల అనుభవం

మా బావమరిది మిర్యాలగూడ దారిలో కొత్తగా పెట్రోలు బంకు తెరిచాడు. తెరిచిన మూడో వారంలోనే ఫోను చేసి, "బావా, నేనూ తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టనా? పెడితే ఏది కొనాలి, రివాల్వరా, పిస్తోలా?" అని అడిగాడు. ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు. ఆలోచించి చెబుతానని పెట్టేశాను. అతని కోసమే ఇది రాయడం మొదలుపెట్టాను. అదే ప్రశ్న మనసులో ఉన్న మరికొందరికీ పనికొస్తుంది.

నా బంకు సూర్యాపేటకు కొద్ది దూరంలో, హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఉంది. లైసెన్సుకు 2012లో దరఖాస్తు చేశాను. పోలీసు విచారణలన్నీ ముగిసి, ఉమ్మడి నల్లగొండ జిల్లా కలెక్టరు సంతకంతో పుస్తకం చేతికి వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ రోజుల్లో లారీలవాళ్లు అందరూ నోట్లే ఇచ్చేవారు. ఆదివారం తర్వాత సోమవారం పండగ వచ్చిందంటే రెండు రోజుల వసూళ్లు గల్లాలోనే ఉండిపోయేవి. మంగళవారం పొద్దున ఆ సంచిని సీటు కింద పెట్టుకుని బ్యాంకుకు బయలుదేరితే, వెనక వచ్చే ప్రతి మోటారు సైకిలూ నా కోసమే వస్తున్నట్టు ఉండేది. ఆ భయం ఉత్తది కాదు. ఈ దారిలో బంకు నగదు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఏది కొనాలన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు చిన్నదే. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం వంటివి మామూలు పౌరుడికి నిషిద్ధ కోవలోకి వస్తాయి. చేతి ఆయుధాల్లో మనకు ప్రధానంగా మిగిలేది తూటా మందాన్ని బట్టి పాయింట్ 32 అని పిలిచే రివాల్వరు, అదే పేరుతో పిలిచే పిస్తోలు. ఇంటికో, తోటకో కావాలంటే పొడవాటి 12 బోరు తుపాకీ ఉంది. కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటి చెప్పాలి. పేరు ఒకటే అయినా రివాల్వరు తూటా, పిస్తోలు తూటా వేరు. రివాల్వరు తూటా డొల్ల పొడవు 23 మిల్లీమీటర్లు, పిస్తోలు తూటాది 17. ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు.

నేను రివాల్వరు తీసుకున్నాను. ఆరు తూటాల సిలిండర్ (తూటాలు పట్టి తిరిగే భాగం), మూడంగుళాల గొట్టం, పైనుంచి మడత విప్పినట్టు తెరుచుకునే పాత తరహా. నా ఎంపికకు కారణం ఒక్కటే. తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి గది తిరిగి వస్తుంది. పిస్తోలులో తూటా ఇరుక్కుంటే రెండు చేతులూ కావాలి, ఆ పని చేతికి అలవాటై ఉండాలి. నెలకు ఒకసారి కూడా కాల్చని నాలాంటివాడికి రివాల్వరే సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. పన్నెండేళ్లలో రెండుసార్లు తూటా పేలలేదు, రెండూ సాధన సమయంలోనే. తప్పు నాదే. ఆ తూటాలు మూడేళ్లుగా వంటగది పక్క అలమరలో తేమలో పడి ఉన్నాయి. అప్పటి నుంచి పాతవి సాధనకు వాడేసి, ఏటా కొత్తవి నింపుతున్నాను.

ఇక దాన్ని మోయడం గురించి. ఖాళీగానే ముప్పావు కిలో దగ్గర ఉంటుంది. మొదటి నెల గర్వంగా ఉంది, రెండో నెల నుంచి నడుము నొప్పి. పల్చని బెల్టు వంగిపోతే, చెప్పులు కుట్టే అతనితో మందమైన తోలు బెల్టు చేయించుకున్నాను. మే నెలలో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. చెమట చొక్కాను తడిపి తోలు ఒరలోకి దిగుతుంది, ఆ తోలు ఉప్పునీటిని పట్టి ఉంచుతుంది. మొదటి వేసవి చివర చూస్తే సిలిండర్ అంచున సన్నని తుప్పు గీత. ఆ రోజు నుంచి ఇంటికి రాగానే ఒరలోంచి తీసి, పొడి గుడ్డతో తుడిచి, నూనె చుక్క పూసి విడిగా పెడతాను. రాత్రంతా ఒరలోనే ఉంచేవాళ్లను ఎంతోమందిని చూశాను. దయచేసి అలా చేయకండి.

కాల్చడం నేర్చుకోవడం గురించి ఎవరూ సరిగా చెప్పరు. హైదరాబాద్‌లోని ఒక షూటింగ్ రేంజ్‌లో ఏడు మీటర్ల దూరంలో కాగితం పెట్టుకుని సాధన చేశాను. వెనకనున్న సుత్తిని బొటనవేలితో లాగి, ఊపిరి బిగబట్టి, తీరిగ్గా నొక్కితే ఆరు తూటాలూ అన్నం పళ్లెమంత జాగాలో పడ్డాయి. కానీ శిక్షకుడు గడియారం పట్టుకుని, సుత్తి లాగకుండా ట్రిగ్గర్ మీదే గబగబా కాల్చమంటే, రెండే కాగితానికి తగిలాయి. ఆ రెండో పద్ధతిలో ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, నొక్కే బలానికి గొట్టం కిందికి వంగుతుంది. నిజమైన ఆపదలో సుత్తి లాగే తీరిక ఎవరిస్తారు? మిగిలిన నాలుగు తూటాలు బంకులో ఎవరికి తగిలేవన్న ఆలోచన ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. నా బంకులో రోజంతా జనం ఉంటారు. పసిపిల్లలతో కార్లు ఆగుతాయి. పక్కనే ఇంధనం పంపులున్నాయి.

2015లో ఒక రాత్రి నిజంగానే రెండు బైకులు వెంటపడ్డాయి. నకిరేకల్ వైపు నుంచి ఒంటరిగా వస్తున్నాను, పక్కన సంచి ఉంది. ఒక బైకు ముందుకు వచ్చి వేగం తగ్గించింది, రెండోది కుడివైపు అద్దానికి దగ్గరగా వచ్చింది. నా చేయి నడుముకు వెళ్లింది. సీటు బెల్టు, చొక్కా, కడుపు మడత, అన్నీ అడ్డం. తీయలేకపోయాను. తీసి ఉంటే స్టీరింగు ఎవరు పట్టుకునేవారో తెలియదు. హారన్ మీద చేయి పెట్టి, ఆపకుండా, కొర్లపహాడ్ టోల్ గేటు దీపాల దాకా నడిపాను. అక్కడి వెలుగులోకి వచ్చేసరికి బైకులు రెండూ లేవు. ఆ రాత్రి నన్ను కాపాడింది దీపాలూ, నలుగురు మనుషులూ. నడుముకున్న రివాల్వరు నా దృష్టిని రోడ్డు మీద నుంచి కొన్ని క్షణాలు మళ్లించింది, అంతే.

చట్టం సంగతి లైసెన్సు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది చదవరు. ఆత్మరక్షణ హక్కు పూర్వం భారత శిక్షా స్మృతి 96 నుంచి 106 సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. నాకు తెలిసిన వకీలు ఒకాయన వివరించి చెప్పారు: సంచి లాక్కొని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే మీరు ప్రాణం కాపాడుకున్నట్టు కాదు, కోర్టు ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. నగదు కోసం తుపాకీ కొనేవాళ్లందరూ ఈ మాట ముందుగా వినాలి. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి ఒకటి పేల్చమని మా పెదనాన్న కొడుకు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. అతను నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. 2019 సవరణ తర్వాత అలాంటి కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. జరిమానా లేకపోయినా నేను పేల్చేవాణ్ణి కాదు. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట పడాలి కదా.

ఎన్నికలు మరో సంగతి. ఎన్నికల ప్రకటన వచ్చాక పోలీసులు చెబితే ఆయుధాన్ని ఠాణాలో జమ చేసి రసీదు తీసుకోవాలి. 2018 అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికలకు జమ చేశాను. అది ముగియగానే జనవరిలో పంచాయతీ ఎన్నికలు, మార్చిలో లోక్‌సభ ప్రకటన, మే 23న లెక్కింపు. ఆ ఎనిమిది నెలల్లో రివాల్వరు నా దగ్గర ఉన్నది కొన్ని వారాలే. 2023 అక్టోబరు నుంచి 2024 జూన్ దాకా మళ్లీ ఇంచుమించు అదే కథ. దాన్నే నమ్ముకుని బతికే మనిషైతే ఆ నెలల్లో ఏం చేయాలి? నిజానికి ఆ ఖాళీ నెలలే నన్ను ఇతర దారుల వైపు నడిపాయి.

మొదట దీపాలు. బంకు వెనక వైపు, లెక్కల గది తలుపు ముందు, టైర్లకు గాలి పట్టే చోట నాలుగు పెద్ద ఎల్ఈడీలు పెట్టించాను. కెమెరాల రికార్డు పెట్టె బంకులో కాకుండా మా ఇంట్లో ఉండేలా మార్పించాను, ఎందుకంటే దొంగలు ముందుగా ఎత్తుకుపోయేది ఆ పెట్టెనే. గల్లాలో పరిమితి దాటిన డబ్బును కుర్రాళ్లు సన్న కంతలోంచి ఇనుప పెట్టెలోకి వేసేస్తారు, తాళం వాళ్ల దగ్గర ఉండదు. "తాళం మా దగ్గర లేదు" అని పెద్ద అక్షరాలతో రాయించి అతికించాను. ఎవరైనా బెదిరిస్తే గల్లాలో ఉన్నది ఇచ్చేయమని కుర్రాళ్లకు గట్టిగా చెప్పాను. వాళ్లు నా డబ్బు కోసం దెబ్బలు తినకూడదు.

అయితే అన్నిటికంటే పెద్ద మార్పు నేను చేసింది కాదు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, తర్వాత కొన్నేళ్లలో లారీ డ్రైవర్లు కూడా ఫోనుతో చెల్లించడం మొదలుపెట్టారు. ఇవాళ నా వసూళ్లలో నోట్లు నాలుగో వంతు కూడా లేవు. సంచి చిక్కిపోయింది. ఏ భయంతో తుపాకీ కొన్నానో ఆ భయంలో ముప్పావు వంతును క్యూఆర్ కోడ్ కాగితం తీసుకుపోయింది.

కళ్లు మండించే పెప్పర్ స్ప్రే గురించి కూడా చెప్పాలి. మా ఆవిడ టీచరు, స్కూటీ మీద పన్నెండు కిలోమీటర్లు వెళ్లి వస్తుంది. మహిళల కోసమని కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014 జనవరిలో నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వరును తెచ్చినప్పుడు, అర కిలో బరువే కదా, నీకూ ఒకటి తీసుకుందామా అని అడిగాను. ధర అప్పట్లో లక్షా ఇరవై రెండు వేలు. ఆమె ధర అడగలేదు. "నా బ్యాగు తరగతి గదిలో బల్ల మీద ఉంటుందండీ, చుట్టూ నలభైమంది పిల్లలు" అంది. దాంతో ఆ మాట ముగిసింది. ఆమె స్ప్రే తీసుకుంది. లైసెన్సు అక్కర్లేదు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కొన్న రోజే పెరట్లో చల్లి చూశాం. గాలి ఎదురు తిరిగి నా ముఖం మీదే పడింది. ముప్పావు గంట కళ్లు తెరవలేకపోయాను. ఆ బాధ ఎంత నిజమో తెలిసింది, గాలి వాటం ఎంత ముఖ్యమో కూడా తెలిసింది. పొగమంచులా వ్యాపించే రకం కన్నా సన్నని ధారగా వెళ్లే రకం మేలు. ఎనిమిది, పది అడుగుల లోపలే పనిచేస్తుంది. బ్యాగు అడుగున కాదు, స్కూటీ ఎక్కేటప్పుడు కుర్తా జేబులో ఉండాలి. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే ధార బలం తగ్గుతుంది. ఆమె దాన్ని ఒకేసారి వాడింది, వెంటపడిన కుక్కల గుంపు మీద. పనిచేసింది.

ఇంట్లో రివాల్వరు ఇనుప లాకరులో, తూటాలు వేరే గదిలో. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు బడిలో స్నేహితులకు "మా నాన్నకు తుపాకీ ఉంది" అని చెప్పాడు. వారం తిరిగేసరికి కిరాణా కొట్టు అతను కూడా అదే మాట ఎత్తాడు. నగదు కోసం కాకపోయినా తుపాకీ కోసమే ఎవరైనా ఇంటికి వస్తారేమోనన్న కొత్త భయం అప్పుడు పుట్టింది. కిటికీలకు గ్రిల్లు, వెనక తలుపుకు అడ్డ గడియ ఆ తర్వాతవే.

మార్కులు వేయమంటే వేస్తాను. యంత్రంగా నా రివాల్వరుకు పదికి ఏడు. గట్టిది, సాదాది, పన్నెండేళ్లలో మరమ్మతు ఒక్కసారే. రోజువారీ రక్షణగా పదికి మూడు. స్ప్రేకు ఆరు. దీపాలకు, ఇనుప పెట్టెకు, తగ్గిన నగదుకు తొమ్మిది. ఊరి బయట తోటలో ఒంటరిగా ఉండేవాళ్ల లెక్క వేరు. పోలీసులు రావడానికి గంట పట్టే చోట తలుపు వెనక నిలబడి వాడే ఆయుధానికి విలువ ఉంటుంది, దాన్ని నేను కాదనను.

నా లైసెన్సు 2022లో అయిదేళ్లకు పొడిగించారు, 2027 దాకా ఉంది. రెండేళ్లుగా నడుముకు పెట్టుకోవడం మానేశాను. నెలకోసారి తీసి, తుడిచి, నూనె పూసి, లాకరులో పెడుతున్నాను. బావమరిది వచ్చే ఆదివారం వస్తానన్నాడు. నెలలో ఏయే రోజుల్లో ఎంత నగదు చేతిలో ఉంటుందో రాసుకుని రమ్మన్నాను. పొద్దు గూకే వేళకు రమ్మని కూడా చెప్పాను, బంకు వెనక దీపాలు వెలిగాక చూపించాలి.