పేరు తెలియని స్కేట్ చేపకు బోల్డ్ సాయం: ఎంతవరకు నమ్మొచ్చు?

ఒక సముద్రంలో ఇంతవరకూ నమోదు కాని స్కేట్ చేప (రెక్కల్లాంటి అంచులున్న చదునైన చేప) వలలో పడిందంటే, దాని జాతిని తేల్చడానికి వాడే వాటిలో ముఖ్యమైనది బోల్డ్ (బార్‌కోడ్ ఆఫ్ లైఫ్ డేటా సిస్టమ్). కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన డీఎన్ఏ బార్‌కోడ్ల, అంటే జాతిని గుర్తుపట్టడానికి వాడే చిన్న డీఎన్ఏ వరుసల, భాండాగారం ఇది. మీ చేప నుంచి చదివిన సుమారు 650 అక్షరాల సీఓ1 అనే జన్యుభాగాన్ని అందులో అతికిస్తే, దగ్గరి నమూనాలు ఎంత శాతం సరిపోలాయో చూపిస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు.

దీనిలో మాకు బాగా నచ్చేది నమూనా పేజీ. చక్కగా నింపిన పేజీలో చేప ఫొటో, పట్టిన చోటు, మ్యూజియం సంఖ్య, డీఎన్ఏ అక్షరాలు చదివే సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చిన మూల గ్రాఫులు అన్నీ ఉంటాయి. మీ చేప ముట్టె ఆకారాన్ని, వీపు మీది ముళ్ల వరుసలను ఆ ఫొటోతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఫొటో, మ్యూజియం సంఖ్య రెండూ లేని నమూనాతో ఎంత సరిపోలినా దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

ఎందుకంటే ఆ పేర్లు పెట్టేది నమూనా పంపినవాళ్లే. ఐరోపాలో డిప్టురస్ బాటిస్ అని పిలిచిన స్కేట్లు నిజానికి రెండు జాతులని 2010లో బయటపడింది. ఇప్పుడు రెండోదాన్ని డిప్టురస్ ఇంటర్మీడియస్ అంటున్నారు. అంతకుముందు బాటిస్ పేరుతో చేరిన డీఎన్ఏ వరుస ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. శాతం కూడా మోసం చేస్తుంది. 650లో ఒక శాతమంటే ఆరేడు అక్షరాలే. బాతిరాజా అనే స్కేట్ల ప్రజాతిలో కొన్ని జాతుల మధ్య సీఓ1 తేడా అంతకన్నా తక్కువే ఉండొచ్చు. అలాంటప్పుడు ఎన్ఏడీహెచ్2 జన్యువును కూడా చదివించండి.

ఫలితం బాగుండాలంటే పని పడవ మీదే మొదలవ్వాలి. చర్మం మీది జిగురులో పక్క చేపల డీఎన్ఏ అంటుకుని ఉంటుంది కాబట్టి చర్మం ఒలిచి, శుభ్రమైన బ్లేడుతో లోపలి కండ కోయండి. శనగగింజంత ముక్క చాలు. దానికి పది రెట్లు 95 శాతం ఇథనాల్ పోసి, మర్నాడు మార్చండి. ముక్కలోని నీరు దిగి ఇథనాల్ పలచబడటం వల్లే చాలా నమూనాలు పాడవుతాయి. చేపను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం డీఎన్ఏను దెబ్బతీస్తుంది, కాబట్టి కండ తీశాకే చేపను అందులో వేయాలి. రెక్క కొన నుంచి కొనకు వెడల్పు, మొత్తం పొడవు కూడా ముందే కొలవండి, తర్వాత రెక్కలు ముడుచుకుంటాయి. స్కేలు పక్కన పెట్టి వీపునూ పొట్టనూ విడివిడిగా ఫొటో తీయండి. పొట్టవైపు జిగురు రంధ్రాల రంగు చాలా డిప్టురస్ జాతులను గుర్తుపట్టడానికి పనికొస్తుంది.

మీరు బోల్డ్‌లో ఎక్కించే డీఎన్ఏ వరుసకు బార్‌కోడ్ గుర్తింపు రావాలంటే కనీసం 500 అక్షరాలుండాలి, తేలని అక్షరాలు ఒక శాతం దాటకూడదు. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీని ఆపమనే మూడక్షరాల గుర్తు) వచ్చిందంటే చదివింది అసలు జన్యువు కాకపోవచ్చు, లేదా వరుసలో తప్పు దొర్లి ఉండొచ్చు.

మా మార్కులు 5కి 4. పాత పేరుతో ఉన్న నమూనాలకు హెచ్చరిక గుర్తు తప్పనిసరిగా కనిపించేలా చేస్తే మిగతా ఒకటి కూడా ఇచ్చేస్తాం.